మర్యాదగా వద్దనడం

ముప్పై తొమ్మిదో పాఠానికి వచ్చినా గొడుగబ్బాయి ఇంకా నోరు విప్పలేదు. రొట్టెల కొట్టు ముందు వానలో నిలబడ్డాడు. కొట్టులో పిల్ల దీపాలు ఆర్పి తాళం వెయ్యబోతోంది, రేపటి నుంచి ఈ కొట్టుకు రానని కూడా చెప్పేసింది, అయినా వాడు మనసులో మాట మింగేసి, ఇక్కడి నుంచి పోస్టాఫీసు ఎంత దూరమండీ అని అడుగుతున్నాడు. పంతులమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత దూరమైతే నీకెందుకురా, ఇన్ని పాఠాలుగా ఆ వీధిలోనే కదా ఏడుస్తున్నావు అని లోలోపల కసిరింది. ఇంతలో కథ ఆగింది, వెనకాల వాన చప్పుడు కూడా కుళాయి కట్టేసినట్టు ఆగింది, పాఠం చెప్పే పెద్దమనిషి తేనె పూసిన గొంతుతో చెవిలో ఊడిపడ్డాడు. డిస్టెన్స్, అంటే దూరం, నా తర్వాత మీరు చెప్పండి, డిస్టెన్స్. తర్వాత నాలుగు క్షణాల నిశ్శబ్దం, వినేవాళ్ళు పలకడానికి వదిలినది. పంతులమ్మ పెదవి కదపలేదు. పొద్దున పదకొండు గంటలకి, ఆసుపత్రి మూడో అంతస్తు నడవాలో, ఎదురుగా గోడకి ముగ్గురు డాక్టర్ల ఫొటోలు నవ్వుతుండగా కూర్చుని డిస్టెన్స్ డిస్టెన్స్ అని వల్లె వేస్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారు. అయినా నాలుగు క్షణాలు కాగానే పెద్దమనిషి పరవశించిపోయాడు. చాలా బాగా చెప్పారు!

ఏం చెప్పాను, నా తలకాయ. ఇరవై ఏడేళ్ళుగా మూడో తరగతి పిల్లలకి పాఠం చెబుతోంది తను, నోరు విప్పని పిల్లని ఏ రోజూ బాగా చెప్పావనలేదు. చెప్పలేదమ్మా, మళ్ళీ అడుగుతా, ఈసారి చెబుదువు గాని అంటుంది, పిల్ల చెప్పేదాకా పక్కనే నిలబడుతుంది, సుద్దముక్క చేతిలో తడిసిపోతుంది. తప్పు చెబితే దిద్దవచ్చు. చెప్పనిదాన్ని చెప్పినట్టు రాసుకుంటే ఇక దిద్దడానికి ఏముంది. ఈ పెద్దమనిషికి ఎదుట మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే, పలికినా పలక్కపోయినా ఒకటే, నాలుగు క్షణాలు గడిస్తే చాలు, అందరికీ అన్నీ వచ్చేసినట్టే. ఇలాంటివాళ్ళతోనే లోకం నిండిపోయింది. ఈ తలుపు వెనకాల కూడా ఇలాంటివాళ్ళే ఉన్నారు, బల్ల చుట్టూ, మంచినీళ్ళ గ్లాసుల మీద మూతలు పెట్టుకుని. తలుపు మీద ఇంగ్లీషులో ఉంది, కూడబలుక్కుని చదువుకుంది, ఫిర్యాదులు వినే గది. వినడానికి ఒక గది కట్టుకున్నారు. మిగతా గదుల్లో వినరు కాబోలు.

కుర్చీ కదిలింది. ఈ నడవాలో నాలుగు కుర్చీలూ ఒకే ఇనప కడ్డీకి బిగించి ఉన్నాయి, ఒకరు ఒత్తిగిలితే అందరూ ఊగాలి. ఒక కుర్చీ అవతల వదినగారు కూర్చుంది, మధ్య కుర్చీలో తన సంచీ పెట్టింది, సంచీ కూడా ఒక మనిషిలాగే నిటారుగా కూర్చుంది. ఆయనకి అక్క, ఏకైక అక్క. ముప్పై రెండేళ్ళు కోర్టులో టైపు కొట్టిన మనిషి, ఇప్పటికీ ఏదైనా ఆలోచిస్తుంటే వేళ్ళు మోకాలి మీద ఆడతాయి. ఇప్పుడు ఆడుతున్నాయి.

"చెవిలో అదేంటే?"

"పాఠం, వదినగారూ."

"ఇప్పుడా? పరీక్ష హాలు ముందు పుస్తకం తిరగేసే పిల్లల్లాగ?"

"ఒకటే మిగిలింది, ఇదీ, దీని తర్వాతదీ."

"ఒకటి అంటావు, రెండు చెబుతావు. లెక్కలు కూడా నువ్వే చెబుతావా బళ్ళో?"

మామూలుగా అయితే నవ్వొచ్చేది. ఈ నాలుకకే కదా ఆయన చిన్నప్పటి నుంచీ భయపడింది, మా అక్క నోట్లో టైపు మిషనుంది, తప్పు పడితే చెరపదు అనేవాడు. ఇవాళ పంతులమ్మకి నవ్వు రాలేదు. ఫోనులో అన్నది వదిలేస్తే, ఈ నాలుగు మాటలే ఐదు నెలల్లో వదినగారు తనతో ఆడిన మాటలు, వాటిని లెక్కపెట్టుకోవలసి రావడమే కోపం తెప్పించింది. ఫోను చేసినప్పుడు ఏమంది? వస్తాను, వినడానికి వస్తాను, నీ తరఫున మాట్లాడ్డానికి కాదు అంది. ఆసుపత్రి వాళ్ళు ఉత్తరంలో రాశారు మరి, విచారణ ఇంగ్లీషులో జరుగుతుంది, ఇంగ్లీషు తెలిసిన బంధువును మీరే వెంట తెచ్చుకోవలెను. మీరే. ఆ మాట చదివినప్పుడు పంతులమ్మ ఉత్తరం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలన్నీ మళ్ళీ కడిగింది. ఆ రోజు నా భాషలో అంతా వివరించామని రాసుకున్నారే, ఆ రోజు ఉన్న మనిషి ఇవాళ ఏమయ్యాడు, ఆ మనిషినే కూర్చోబెట్టండి నా పక్కన, నేనెందుకు తెచ్చుకోవాలి. ఇది గిన్నెలతో అన్న మాట. గిన్నెలు మాత్రం శ్రద్ధగా విన్నాయి.

చెవిలో పెద్దమనిషి ఇంకో మాట చెబుతున్నాడు, అది జారిపోయింది, జారిపోనీ. మొదటి ఇరవై రెండు పాఠాలూ తను అసలు విననే లేదు. అవి విన్నది ఆయన. లిఫ్టులు బాగుచేసే మనిషికి అరవై దగ్గర పడుతుండగా ఇంగ్లీషు ఎందుకంటే, కొత్త లిఫ్టులతో వచ్చే పుస్తకాలన్నీ అందులోనే ఉంటున్నాయి, కుర్ర మెకానిక్కులు చదివి చెబుతుంటే వీళ్ళు తల ఊపాల్సి వస్తోంది. ఫోనులో రెండు రకాల పాఠాలున్నాయట, ఒకటి ఆఫీసు ఇంగ్లీషు, ఒకటి ప్రేమకథతో రోజువారీ ఇంగ్లీషు. ఇంటికొచ్చాక కూడా ఆ బాసు గొంతేమిటోయ్, నేను రొట్టెల కొట్టుకే పోతా అన్నాడు. పోయాడు. రాత్రి భోజనాల దగ్గర, పొద్దున గుండీలు పెట్టుకుంటూ, నేర్చుకున్నదంతా ఇల్లంతా చల్లాడు. అంబ్రెల్లా మరిచిపోకు పంతులమ్మా. కీ ఎక్కడ పెట్టావోయ్, కీ. నీ ఫోర్‌హెడ్ మీద సుద్ద ఉంది, ఉండు, కదలకు, నా చేతికి గ్రీజుంది, ఎల్బోతో తుడుస్తాను. కాబట్టి గొడుగూ, తాళంచెవీ, నుదురూ, మోచెయ్యీ, టవలూ, చెంచా, ఇవన్నీ పంతులమ్మకి ఇంగ్లీషులో ఆయన గొంతుతోనే వచ్చు. ఇరవై మూడు నుంచీ వచ్చినవన్నీ ఈ తేనెగొంతువాడివి. సరిగ్గా ఎక్కడ గీత పడిందో తెలుస్తుంది. కిటికీ ఆయనది, కర్టెను వీడిది. ఎంత అన్యాయం ఇది, ఒక గదిలో సగం వస్తువులు ఒకళ్ళ గొంతుతో, సగం ఇంకొకళ్ళ గొంతుతో పిలవాల్సి రావడం. అడిగి చేసుకున్నదా? ఆయన మీద కూడా కోపమే. మొత్తం నలభై పాఠాలూ పూర్తి చేసి పోకూడదూ మనిషి.

కడుపునొప్పి అన్నాడు, అంతే. పని మధ్యలోంచి వచ్చాడు, నొప్పికి వంగిపోయి ఉన్నాడు, అయినా చక్రాల మంచం మీద ఇదే ఆసుపత్రి లిఫ్టులోకి ఎక్కిస్తుంటే కళ్ళు మూసుకుని చప్పుడు విని, దీని బ్రేకు అరిగింది, వీళ్ళకి చెప్పు అన్నాడు. ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి. ఆసుపత్రి నిండా పైరాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళే, మంచం తోసేవాడికి తెలుగు రాదు, నర్సుకి రాదు, పొట్టి క్రాపు డాక్టరుకి అసలే రాదు. వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకున్నారు, చాలానే మాట్లాడుకున్నారు, తన తల మీదుగా, ఆయన మంచానికి ఆ పక్కా ఈ పక్కా నిలబడి. తను ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటి వంక చూసింది, ఎంగిలి మెతుకు కోసం చూసే కాకిలాగ. మొదటి రోజు పోయింది. రెండో రోజు మధ్యాహ్నం పొట్టి క్రాపు డాక్టరు అట్ట మీద కాగితం పెట్టుకుని గబగబా వచ్చాడు, పెన్ను మూతతో ఒక చోట టకటకా కొట్టాడు, వెనకనున్న నర్సు సంతకం, సంతకం అంది. ఆ ఒక్క మాట ఎక్కడ నేర్చుకుందో. ఆ రెండు రోజుల్లో ఆ గదిలో ఆసుపత్రి మనిషి నోట తన భాషలో వినబడిన మాట అదొక్కటే. తను సంతకం పెట్టింది. ఎలా పెట్టింది! వంకర లేకుండా, ఒత్తులన్నీ వాటి వాటి చోట కూర్చునేట్టు, తలకట్లు సమంగా, నల్లబల్ల మీద పిల్లలకి రాసి చూపించినట్టు. అది తల్చుకుంటే చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది. ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళాక రెండు గంటలకి వచ్చి చెప్పారు. అప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్కర్లేకపోయింది, ముఖాలు చాలాయి.

చదవకుండా సంతకమా. ఎవరు పెట్టింది. ఏడాదికి మూడుసార్లు మార్కుల కార్డులు ఇచ్చే రోజున బడి ఖాళీ అయిపోయినా తన గదిలో దీపం వెలిగే ఉంటుంది, ఎందుకంటే తను ఒక్కొక్క తల్లినీ తండ్రినీ కూర్చోబెట్టి కార్డు మొత్తం చదివి వినిపిస్తుంది. చదువు వచ్చినవాళ్ళకీ, రానివాళ్ళకీ. భాషలో ఇన్ని, లెక్కల్లో ఇన్ని, ఇన్ని రోజులు బడి మానేసింది, ఈ గళ్ళో నేను ఇలా రాశాను, మీకు ఒప్పుకోలేనిది ఉంటే చెప్పండి, దిద్దుతాను. అప్పుడే సంతకం, అప్పుడే వేలిముద్ర. ఒక్కో కార్డుకి పావుగంటేంటమ్మా, కార్డులు ఇస్తున్నారా కాపురాలు కుదురుస్తున్నారా అని హెడ్‌మాస్టరు ఎగతాళి చేసేవాడు. చెయ్యనీ. బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ ఒకసారి వేలు సిరాలో ముంచి, కార్డు మీద పెట్టబోతూ ఆగి, టీచరుగారూ, నెమ్మదస్తురాలు అని రాశారు కదా, మా పిల్ల నెమ్మది కాదు, భయం అంది. భయం అని దిద్దింది పంతులమ్మ, అక్కడికక్కడే. అలాంటి పంతులమ్మ. అందరి చేతా అడిగించిన మనిషి, తన వంతు వచ్చేసరికి నోరు కుట్టేసుకుంది. తొందర అన్నారు, తొందర పడింది. పెన్ను మూతతో చూపించిన చోట పెట్టేసింది. మూడో తరగతి పిల్ల చేసి ఉంటే బెంచీ మీద నిలబెట్టకపోయినా కనీసం అరగంట మాట్లాడకుండా ఉండేది.

కుర్చీ మళ్ళీ ఊగింది. వదినగారు కళ్ళద్దాలు తీసి పైట చెంగుతో తుడుస్తోంది. ఆ కళ్ళద్దాలు. ఆయన పోయిన మూడో వారం ఆసుపత్రి నుంచి కాగితాల కట్ట వచ్చింది, వదినగారే అడిగి తెప్పించింది, తమ్ముడు ఎలా పోయాడో నా కళ్ళతో చదవాలి అంది. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఒక్కో కాగితం చదివి బోర్లా పెట్టసాగింది. పంతులమ్మ పక్కన టీ పెట్టి నిలబడింది. ఏడో కాగితం దగ్గర వదినగారి చెయ్యి ఆగింది. కళ్ళద్దాలు తీసింది, తుడిచింది, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివింది. తర్వాత తల ఎత్తి, ఆ గొంతులో అరుపు లేదు, అరిచినా బాగుండేది, నువ్వు వద్దన్నావా అంది. ఏంటి వదినగారూ అంది తను. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, ఇక్కడ కావలసిన మిషను లేదు, గంట దూరంలో ఉంది అని వాళ్ళు చెబితే, నువ్వు వద్దన్నావా. లేదు వదినగారూ, నాతో ఎవరూ అనలేదు. ఇక్కడుందే! నీ సంతకం ఉందే కింద! ఇంత చక్కగా పెట్టావే! ముప్పై రెండేళ్ళు కోర్టు కాగితాలు కొట్టిన మనిషికి కాగితం మీద ఉన్నది ఉన్నట్టే. కాగితంలో లేనిది లేనట్టే. టీ ముట్టకుండా వెళ్ళిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు, పంతులమ్మకి అప్పుడు తెలిసింది రోకలి కంటే గోరుచుట్టే నయమని.

ఎవరి చేతైనా చదివించుకోవచ్చు. బళ్ళో ఇంగ్లీషు వచ్చిన టీచర్లు నలుగురున్నారు. కానీ ఆ కాగితం ఇంకొకళ్ళ నోటితో వినడం తనవల్ల కాలేదు, వినే ప్రతివాళ్ళూ కాగితం చివర సంతకం వంక చూసి, ఆపైన తన వంక చూస్తారు. అక్షరాలు వచ్చు, కూడబలుక్కోగలదు, మాటలు తెలియాలి, అంతే. ఆయన ఫోను తీసింది. మీరు ఆపిన చోటి నుంచి మొదలుపెడదామా అని అడిగింది ఫోను. ఇరవై మూడో పాఠం. ఆపింది తను కాదని దానికెలా తెలుస్తుంది. మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి, ఒక పక్క ఏడో కాగితం పరిచి, ఒక పక్క ఫోను పెట్టి, గొడుగబ్బాయి, కొట్టు పిల్ల, వాళ్ళ దొంగచూపులు, వాళ్ళ వానలు. ఎంత వాన! ఆ ఊళ్ళో ఎండాకాలం రాదా. నిమ్మకాయంత విషయానికి నెలల తరబడి నసుగుళ్ళు. నాకిక్కడ కొంప మునిగి ఉంటే మీరు రొట్టె మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని ముచ్చట్లు పెట్టుకుంటారేంటర్రా అని ఫోను మీద అరిచిన సాయంత్రాలున్నాయి. అయినా వదల్లేదు. మెత్తన, గట్టి, నిన్న, రేపు, మెట్లు, రసీదు. ఏడో కాగితం మీద ఒక్కో మాటా మబ్బు విడినట్టు తేలేది. వైఫ్. హర్. ఓన్. లాంగ్వేజ్. తన, సొంత, భాష. సొంత అనే మాట పైన ఒకరోజంతా కూర్చుంది.

ముప్పై ఒకటో పాఠం ఉందే, అది విన్న సాయంత్రం ఒంట్లో రక్తం ఎటు పోయిందో తెలీదు. గొడుగబ్బాయి రొట్టెల కొట్టు మెట్ల మీద జారి పడ్డాడు, చీలమండ బెణికింది. చీలమండ! కొట్టు పిల్ల వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నర్సు ఎంత చక్కగా మాట్లాడుతుందో. ఇప్పుడు మీ కాలు ఫొటో తీస్తాము, నొప్పి ఉండదు, అర్థమైందా? కట్టు కడతాము, రెండు వారాలు, అర్థమైందా? కాలు కదపకూడదు, అర్థమైందా? మళ్ళీ చెప్పనా? మీకు ఏమైనా అడగాలని ఉందా? మూడుసార్లు అడిగింది, లెక్కపెట్టుకుంది పంతులమ్మ, ఫోను వెనక్కి తిప్పి మళ్ళీ లెక్కపెట్టుకుంది. బెణికిన చీలమండకి మూడు అర్థమైందాలు. ఈయన కడుపుకి ఒక్కటి లేదు. కథల్లో వాళ్ళకి మాత్రం అంత మంచి నర్సులు ఎలా దొరుకుతారు, కథ రాసేవాళ్ళకి తెలుసన్నమాట ఎలా అడగాలో, అందరికీ తెలుసన్నమాట, పాఠాల్లో పెట్టి అమ్ముతున్నారు కూడా, తెలియక కాదు చెయ్యనిది. తెలియక చేసిన తప్పు పిల్లల తప్పు. తెలిసి, తీరిక లేక, ఈమెకి అర్థమైనా కాకపోయినా ఒకటేలే అని చేసినది ఏ తరగతివాళ్ళ తప్పు.

ఆ తర్వాత ముప్పై నాలుగు. అదీ ప్రేమే. గొడుగబ్బాయి ఎట్టకేలకు ధైర్యం చేసి, ఆదివారం భోజనానికి రాగలరా అని అడిగాడు. కొట్టు పిల్లకి రావాలనే ఉంది, కానీ వాళ్ళమ్మకి జబ్బు. కన్నీళ్ళ సంగీతం. పెద్దమనిషి దిగాడు. షి డిక్లైన్డ్. డిక్లైన్ అంటే, ఎదుటివారి మనసు నొప్పించకుండా, మర్యాదగా వద్దనడం. నా తర్వాత మీరు చెప్పండి. పంతులమ్మ కాగితం మీదికి వంగింది. ట్రాన్స్‌ఫర్ ఆఫర్డ్. వైఫ్ డిక్లైన్డ్. ఆఫర్ అంటే ముందరి వారంలోనే వచ్చింది, రొట్టెతో పాటు వెన్న ఇవ్వజూపడం. అంటే, పెద్దాసుపత్రికి తీసుకెళతామని ఆసుపత్రి వాళ్ళు పళ్ళెంలో పెట్టి ఇవ్వజూపారు. భార్య మర్యాదగా వద్దంది. ఎవరి మనసూ నొప్పించకుండా. మా ఆయన్ని బతికించకండి, దయచేసి, మీకెందుకు శ్రమ అని. వద్దన్నానని రాసిందొక ఎత్తు, మర్యాదగా అన్నానని రాసిందొక ఎత్తు. తన మర్యాదే, ఆ రెండు రోజులూ ఎవరినీ ఏమీ అడగకుండా, ఎవరి చెయ్యీ పట్టుకు గుంజకుండా, చీర కొంగు నలుపుకుంటూ గోడకి ఆనుకుని నిలబడ్డ ఆ పాడు మర్యాదే చూసి ఉంటారు, ఈవిడ ఏం రాసినా మాట్లాడదు అనుకుని ఉంటారు. చాలా బాగా చెప్పారు, అన్నాడు ఫోనులో పెద్దమనిషి. ఆ రోజు మాత్రం పంతులమ్మ నిజంగానే పలికింది, గట్టిగా, మళ్ళీ మళ్ళీ, గోడ అవతలివాళ్ళు వచ్చి ఏమైందమ్మా అని అడిగేదాకా.

ఉత్తరాలు రాసింది. అవీ తనే, తప్పులతోనే. నాకు డబ్బు వద్దు, ఎవరి ఉద్యోగమూ పోవద్దు, ఆ వాక్యం కొట్టెయ్యండి. మూడో ఉత్తరానికి ఈ తారీఖు ఇచ్చారు. నాలుగు ఇంగ్లీషు వాక్యాలు తయారుచేసుకుంది, అద్దం ముందు, బస్సులో, నల్లబల్ల తుడుస్తూ. ఇప్పుడవి గుండెలో కోడిపిల్లల్లా కదులుతున్నాయి, ఒకటి గూట్లో పెడితే ఇంకోటి దిగుతోంది. తప్పు పడితే నవ్వుతారు. నవ్వకపోయినా, పాపం అని చూస్తారు, అది మరీ కష్టం. వదినగారు వింటుంది. తన తమ్ముణ్ణి ఈమె నోరు లేక పోగొట్టుకుందనుకుంటుందో, వద్దని పోగొట్టుకుందనుకుంటుందో, ఇవాళ తేలిపోతుంది. ఇవాళ కూడా తేలకపోతే ఈ సంచీ ఇక ఎప్పటికీ మధ్య కుర్చీలోనే ఉంటుంది.

తలుపు తెరుచుకుంది. గుమాస్తా పేరు పిలిచాడు, తప్పుగా పిలిచాడు. చెవిలో నలభయ్యో పాఠం దానంతటదే మొదలైంది, కొట్టు పిల్ల నడిచి వెళ్ళిపోతోంది, వెనక నుంచి అడుగుల చప్పుడు, అతను పిలవబోతున్నాడు, ఏం పిలుస్తాడో, పంతులమ్మ ఇయర్‌ఫోను తీసేసింది.

బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో జుట్టు నెరిసిన పెద్దావిడ, ఒక పక్క లావుపాటి ఫైళ్ళ మనిషి, ఇంకో పక్క పొట్టి క్రాపు డాక్టరు. క్రాపు కాస్త పెరిగింది. ఎంత చిన్నవాడు, ఇరవై ఏళ్ళ క్రితం తన దగ్గర మూడో తరగతిలో ఉండేంత వయసు. పెద్దావిడ మెత్తగా మాట్లాడింది. మీ దుఃఖానికి విచారిస్తున్నాము. మీకు కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాము. పంతులమ్మకి ప్రతి మాటా అర్థమవుతోంది, విడివిడిగా, రాళ్ళు ఏరిన బియ్యంలాగ. ఇబ్బంది అన్న మాట ముప్పై ఆరో పాఠంలో వచ్చింది, రొట్టెల కొట్టులో చిల్లర లేనప్పుడు. మీరు చెప్పదలుచుకున్నది చెప్పవచ్చు, లేదా మీ బంధువు చెప్పవచ్చు, అని పెద్దావిడ వదినగారి వంక చూసింది. ఫైళ్ళ మనిషి కూడా వదినగారి వంకే చూశాడు. డాక్టరు బల్ల వంక చూశాడు. తన వంక ఎవరూ చూడలేదు. మళ్ళీ అదే, మళ్ళీ తల మీదుగానే. నోటిదాకా వచ్చిన మొదటి ఇంగ్లీషు వాక్యం అక్కడే ఆగింది. ఐదు నెలలు రొట్టెల కొట్టులో పడి ఉన్నాను, మీరు నాలుగు అడుగులు కూడా నా వైపు వెయ్యలేదు. ఇంక నేనెందుకు రావాలి.

"బాబూ," అంది పంతులమ్మ, తన భాషలోనే, తరగతి గది గొంతుతో, డాక్టరుతో. "ఆ కాగితం చూసి చెప్పు నాయనా. ఆ రోజు నా భాషలో నాకేం వివరించావో, అదే మళ్ళీ ఒకసారి వివరించు. నిదానంగానే చెప్పు. తొందరేం లేదు."

డాక్టరుకి అర్థం కాలేదు. వదినగారి వంక తిరిగాడు. వదినగారు వేళ్ళు ఆడించడం ఆపి, ఇంగ్లీషులో, నేను వినడానికి వచ్చాను, అంది. పెద్దావిడ, ఆమె ఏమడుగుతోంది, అంది. పంతులమ్మ లేచి, ఏడో కాగితం బల్ల మీద డాక్టరు ముందుకు జరిపి, ఇన్ హర్ ఓన్ లాంగ్వేజ్ అన్న చోట వేలు పెట్టి, పిల్ల దగ్గర నిలబడ్డట్టు పక్కనే నిలబడింది. అతను ఆ వేలునే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అతను పెద్దావిడతో నెమ్మదిగా అన్నాడు, నాకు ఈమె భాష రాదు, నర్సు చెప్పిందనుకున్నాను. నర్సుకి వచ్చా అంది పెద్దావిడ. తెలీదు అన్నాడు. ఫారంలో ఎప్పుడూ అలాగే రాస్తాము, అన్నాడు. ఎప్పుడూ. ఆ మాట వినగానే పంతులమ్మకి అతని మీద కోపం ఎటో పోయి, అంతకంటే పెద్ద కోపం వచ్చింది. ఎప్పుడూ అంటే ఎంతమంది. ఎంతమంది గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు వాళ్ళకే తెలియకుండా అన్నీ అర్థం చేసుకున్నారు, అన్నిటినీ మర్యాదగా వద్దన్నారు.

ఫైళ్ళ మనిషి గొంతు సవరించుకున్నాడు. పాత కాగితంలో ఏదీ కొట్టెయ్యడానికి వీల్లేదు, నియమం, కావాలంటే కింద ఒక మాట చేర్చవచ్చు, మేము రాసి పంపిస్తాము, ఆవిడ సంతకం పెడితే చాలు. సంతకం అన్న మాట ఎవరూ తర్జుమా చెయ్యనక్కర్లేకపోయింది. పంతులమ్మ బల్ల మీది పెన్ను తీసుకుంది. ఏడో కాగితం తన వైపు తిప్పుకుని, తన సంతకం కింద ఉన్న జానెడు ఖాళీలో, ఎవరినీ అడక్కుండా, గుండ్రటి అక్షరాలతో మూడు వాక్యాలు రాసింది. పెద్దాసుపత్రి మాట నాతో ఎవరూ అనలేదు. పైనున్న సంతకం నాది, అక్కడున్న మాటలు నావి కావు. ఒక్కరు చెప్పి ఉన్నా, వీపున మోసుకునైనా తీసుకెళ్ళేదాన్ని.

ఇది మాకెవరికీ చదవడం రాదే, అన్నాడు ఫైళ్ళ మనిషి.

ఇంగ్లీషు వాక్యాలు ఏమయ్యాయో గాని ఒకటి మాత్రం దానంతటదే వచ్చింది, అద్దం ముందు ఎన్నడూ అననిది. "దెన్ కాల్ సమ్‌వన్," అంది పంతులమ్మ. అయితే ఎవరినైనా పిలవండి.

కుర్చీ జరిగిన చప్పుడైంది. వదినగారు లేచి, బల్ల చుట్టూ తిరిగి ఇటు వచ్చింది, కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం ఎత్తి పట్టుకుంది, కోర్టులో జడ్జీగారి ముందు చదివిన గొంతుతో మొదటి వాక్యం ఇంగ్లీషులో చదివింది. అలవాటు కొద్దీ చివర ఫుల్‌స్టాప్ అని కూడా అంది. రెండోది చదివింది, ఫుల్‌స్టాప్. ఫైళ్ళ మనిషి రాసుకుంటున్నాడు. మూడో వాక్యం దగ్గర వదినగారి పెదవులు విడ్డాయి, శబ్దం రాలేదు. కళ్ళు మాత్రం ఆ వరస మీద వెళ్ళాయి, చివరిదాకా వెళ్ళి, మొదటికి వచ్చి, మళ్ళీ వెళ్ళాయి. పెద్దావిడ ఆగి ఆగి, ఆ ఆఖరు వాక్యం ఏమిటండీ, అని అడిగింది.

"అది మీకు కాదు," అంది వదినగారు ఇంగ్లీషులో, కాగితం దించకుండానే. "అది నాకు రాసింది."